శ్లేష

గత వేసవిలో మే నెల కత్తిరి ఎండలు ఇంకా మొదలుకాకముందే, మా ముందుగదిలో నా దగ్గర చిత్రలేఖనం నేర్చుకునే పదకొండుమంది పిల్లల్లో ఏడుగురు మేడ మీదికి వెళ్లిపోయారు. మేడ అంటే పరాయి వీధి కూడా కాదు. మా ఇంటివే పద్ధెనిమిది మెట్లు. ఆ మెట్ల మీద వాళ్ల చెప్పుల చప్పుడు వింటూ, మిగిలిన నలుగురికీ ఆంజనేయస్వామి తోక ఎక్కడ వంపు తిరగాలో చెబుతూ కింద కూర్చునేవాణ్ణి. డెబ్బై మూడేళ్ల వయసులో, రెండు సంధ్యలూ తప్పకుండా వార్చే నేను, ఇరవై ఏడేళ్ల ఆడపిల్ల మీద అసూయ పడ్డాను. ఆ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

ఉత్తర మద్రాసులోని ఒక తెలుగు పాఠశాలలో ముప్పై ఆరేళ్లు డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. మా నాయనగారు ఉభయభాషా పండితులు. అందువల్ల కుంచె పట్టకముందే ఛందస్సు పట్టుబడింది. బొమ్మను మదింపు చేయడానికి నాకంటూ ఒక పద్ధతి ఏర్పడింది. పెద్దలు చిత్రానికి ఆరు అంగాలు చెప్పారు: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యం, సాదృశ్యం, వర్ణం. అంగానికి పదహారు మార్కుల చొప్పున తొంభై ఆరు; మిగిలిన నాలుగూ శుభ్రతకు. కూడిక పూర్తయ్యాక మొత్తాన్ని ఎర్ర పెన్సిలుతో బొమ్మకు కుడివైపు కింది మూలన వేసేవాణ్ణి. ఎనభై దాటి ఎవరికీ రాలేదేమని పిల్లలు అడిగితే, "నూరు సృష్టికర్తకు, తొంభై మా గురువుగారికి, ఎనభై నాకు. మిగిలింది మీరు పంచుకోండి" అనేవాణ్ణి. నవ్వేవాళ్లు. ఆ నవ్వులో నాకు గౌరవమే వినిపించేది.

నా మనవరాలు ప్రణతి నాలుగో ఏట నుంచీ నా దగ్గరే నేర్చుకుంది. ఆ వేసవికి దానికి పదిహేడు నిండాయి. ఈ పదమూడేళ్లలో దాని అత్యధికం డెబ్బై ఒకటి. ఏ బొమ్మ వేసినా తడి ఆరకముందే తెచ్చి నా ముందు పెట్టేది. వాళ్ల నాన్న గురుప్రసాదూ, అమ్మా ఆఫీసుల నుంచి వచ్చాక చూసేవాళ్లు; మా ఆవిడ అలమేలుమంగ వంట ముగించుకుని చూసేది. మొదటి చూపు నాది. ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలుసు.

శ్రేయది కాకినాడ. మైలాపూరులో ఒక బడిలో చిత్రకళ చెప్పే ఉద్యోగం రావడంతో ఫిబ్రవరిలో మా మేడగది అద్దెకు తీసుకుంది. "తెనుగుపిల్ల, మాట వినడానికే బాగుందండీ" అని అలమేలుమంగ సంబరపడింది. ఏప్రిల్‌లో ఆ పిల్ల మేడ మీద రేకుల పందిరి కింద వేసవి తరగతి పెడతానంటే, సరేనన్నది నేనే.

ఒక ఆదివారం నీళ్ల తొట్టి నిండిందో లేదో చూసి వస్తానని చెప్పి మేడ ఎక్కాను. బట్టలారేసే తీగ పొడుగునా బొమ్మలు క్లిప్పులతో వేలాడుతున్నాయి. పిల్లలు పసుపుపచ్చ చీటీలు పట్టుకుని బొమ్మ నుంచి బొమ్మకు తిరుగుతున్నారు.

"ఏయ్, సార్ వచ్చినారు. జేబులో ఎర్ర పెన్సిల్ ఉందేమో చూడు" అంది మధుమిత అనే పిల్ల, పక్కదాని చెవిలోనే అంటున్నాననుకుని. నాకు వినబడింది.

"రండి మాస్టారూ. మీరూ ఒక చీటీ రాయండి" అంటూ శ్రేయ కుర్చీ జరిపింది. "బాగుంది, బాలేదు, సూపరు, ఈ మాటలు మాత్రం రాయకూడదండీ. ఆ బొమ్మలో మీకు కనబడింది ఒకటి, అడగాలనిపించింది ఒకటి. అంతే."

దగ్గరి బొమ్మకు అంటించిన చీటీ చదివాను. 'సముద్రం పచ్చగా ఉంది. దానికి కామెర్లా?' అని ఉంది. కింద బొమ్మ వేసిన పిల్ల జవాబు: 'కాదు, సాయంత్రం.'

"మరి మార్కులు?" అన్నాను.

"వేయనండీ. అంకె వేస్తే అంకెనే చూస్తారు, బొమ్మ చూడరు."

"అట్లయితే ఎవరు బాగా వేసినారో ఎట్లా తెలుస్తుంది?"

"ఎవరు బాగా వేశారన్నది కాదండీ. మొన్న చూడంది ఇవాళ ఏం చూసింది అని. ఒక పిల్ల వేసినవి పది వరసగా పెట్టి చూస్తే ఆ బొమ్మలే చెప్పేస్తాయండి."

అప్పుడే, ఆ ఏడుగురితోపాటు పైకి చేరిన ప్రణతి వంతు వచ్చింది. పెన్సిలుతో వేసిన మెట్రో తవ్వకం బొమ్మ అది; మూలన నా అంకె అప్పటికే పడింది. మా వీధి చివర రెండేళ్లుగా ఉన్న గొయ్యే. శ్రేయ ఒక గీత మీద వేలు పెట్టి, "ఇక్కడ చెయ్యి ఆగిందేం?" అని అడిగింది. ప్రణతి మాట్లాడటం మొదలుపెట్టింది. క్రేను గురించీ, దాని నీడలో కూర్చుని సద్దన్నం తినే పనివాళ్ల గురించీ, వాళ్లను వేయాలంటే భయమేసిందనీ, తప్పుగా వేస్తే వాళ్లను అవమానించినట్టవుతుందేమో అనీ. పది నిమిషాలు మాట్లాడింది. పదమూడేళ్లలో నేను మార్కు వేసిన ప్రతిసారీ అది నాతో అన్నది రెండే మాటలు: "సరి తాతా."

కిందికి దిగాను. "మార్కులు లేని మదింపు, తాళం లేని పాట" అంటూ అలమేలుమంగ దగ్గర ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"అది సరేనండీ. తొట్టి నిండిందా?" అంది ఆమె.

నేను తొట్టి వైపే చూడలేదు.

మే నెల రెండోవారంలో శ్రేయ అయిదుగురు పిల్లలను తెల్లవారుజామున లోకల్ రైలులో తిరువొత్తియూరు తీసుకుపోయింది, తీరాన పడవలు వేయడానికి. వాళ్లలో ప్రణతి ఉంది. నేను ఎప్పుడూ దాన్ని గుడి మండపాలకే తీసుకుపోయి స్తంభాల మీది శిల్పాలు వేయించాను. మధ్యాహ్నం అది మొహమంతా ఉప్పుగాలితో, చెప్పుల నిండా ఇసుకతో వచ్చింది. స్నానం చేసింది, అన్నం తింది, పడుకుంది. ఏం వేసిందో నాకు చూపించలేదు. అడిగితే బాగుండేది. అడగకుండా, అది చూపించవలసిన బాధ్యతను సాయంత్రం దాకా మనసులో పెంచి పోషించాను.

అసలు సంగతి ఆ మర్నాడు బయటపడింది. నగరంలోనే ఉన్న ఒక చిత్రకళాశాలలో చేరాలని ప్రణతి కోరిక. పది బొమ్మలు పంపాలి. వాటితోపాటు, నేర్పిన గురువు రాసిన ఒక పేజీ మదింపు జతచేయాలి. బొమ్మలను ఎంత చూస్తారో ఆ పేజీనీ అంతే చూస్తారట. ఉన్న సీట్లు నలభై.

"తాతా, ఆ పేజీ మిస్ రాస్తామన్నారు. నీకు కోపం లేదు కదా?" అంది, నా కుర్చీ చేయి పట్టుకుని.

"నాకెందుకు కోపం?" అన్నాను.

"నిజంగా లేదా?"

"లేదమ్మా."

అది తేలికపడి వెళ్లిపోయింది. ఆ పూట పారాయణంలో ఏ అధ్యాయం చదివానో నాకు గుర్తులేదు.

తరువాతి గురువారం తల్లిదండ్రులతో కలిసి ప్రణతి కాంచీపురంలో ఒక పెళ్లికి బయలుదేరింది. నాలుగు రోజుల ప్రయాణం. గుమ్మంలో ఆటో నిలబడి ఉంది. అది చెప్పులు వేసుకుంటూ నన్ను పిలిచింది.

"తాతా, నా బొమ్మలంతా మిస్ దగ్గర ఉండాయి. నేను ఊరికి పోతాండానని ఆమె పాపం ఆ పేజీ కోసం టెన్షన్ పడతాండారు. అవసరం లేదని చెప్పేయి. జూన్ ఆరో తేదీ దాకా టైం ఉండాది."

ఇక్కడ ఒక మాట వివరించాలి. మూడు తరాలుగా అరవంతో కలిసి బతికిన మా ఇళ్లలో 'అవసరం' అంటే తొందర. 'అవసరంగా పోతాండా' అంటే హడావిడిగా పోతున్నానని. 'అవసరం లేదు' అంటే నిదానంగా కానీ అని. కాకినాడలో ఆ మాటకు ఆ అర్థం లేదు. అక్కడ 'అవసరం లేదు' అంటే అక్కర్లేదనే. నిన్నగాక మొన్న వచ్చిన శ్రేయకు మా అర్థం తెలిసే అవకాశం లేదు. అది నాకు తెలుసు. ఈ కథలో నేను చెప్పవలసిన సంగతి అదొక్కటే: నాకు తెలుసు.

ఒకే మాటలో రెండర్థాలు పొదగడాన్ని శ్లేష అంటారు. కవులకు అది అలంకారం. చిన్నతనంలో మా నాయనగారు ఒక పద్యం ఇచ్చి రెండర్థాలూ విడదీయమనేవారు. విడదీస్తే బెల్లంముక్క పెట్టేవారు. ఆ విద్య అన్ని దశాబ్దాల తరువాత మా ఇంటి మెట్ల కింద నాకు పనికివచ్చింది.

గంట గడిచాక శ్రేయ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. "మాస్టారూ, ప్రణతి వెళ్లిపోయిందాండీ? ఆ పేజీ ఇవాళ మొదలెడదామనుకుంటున్నాను."

"ఆ సంగతే మీతో చెప్పమంది."

"ఏమందండీ?"

"అవసరం లేదని చెప్పమంది."

ఆమె ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది. "అవసరం లేదందా?"

"ఆ మాటే అనింది."

సంచీ పట్టీని భుజం మీద రెండుసార్లు సర్దుకుంది. సర్దుకోవడానికి అక్కడ ఏమీ లేదు. "సరేనండీ. మీరుండగా నేను రాయడమేంటి అని నాకూ అనిపిస్తూనే ఉంది. మీరు రాస్తేనే బాగుంటుంది" అంది. సాయంత్రం బయటి నుంచి రాగానే బొమ్మల కట్టను రెండు చేతులా పట్టుకొచ్చి, గదిలో బల్ల మీద పెట్టి, నాకు నమస్కారం చేసి వెళ్లింది.

నేను అబద్ధం ఆడలేదు. పిల్ల పలికిన పలుకును అక్షరం మార్చకుండా చేరవేశాను. తొందర లేదన్న అర్థాన్ని విప్పిచెప్పే రెండో వాక్యాన్ని మాత్రం నాలోనే ఉంచుకున్నాను. ఆ సంధ్యవేళ మంత్రాలు ఎక్కడా తడబడలేదు. తడబడకపోవడమే నన్ను కొంచెం భయపెట్టింది.

మర్నాడు కట్ట విప్పాను. మొత్తం ఇరవై రెండు బొమ్మలు. ఎనిమిదేళ్లప్పటి వినాయకుడి నుంచి మెట్రో గొయ్యి దాకా ప్రణతి ఏరి పెట్టింది. వెనకవైపు శ్రేయ చీటీలు అంటించి ఉన్నాయి, పేజీ రాయడానికి తనకోసం తాను రాసుకున్న గుర్తులు. మొదటిది చదివాను. 'కుడివైపు కింది మూల ఖాళీ.' రెండోది: 'ఆ మూల మళ్లీ ఖాళీ.' అయిదోది: 'ఇక్కడా. ఎందుకు? అడగాలి.'

బొమ్మలన్నీ నేలమీద పరిచి చూశాను. నిజమే. వినాయకుడి ఎలుక ఎడమవైపే నక్కింది. కోనేటి మెట్లు కుడివైపుకు వచ్చేసరికి మాయమయ్యాయి. గోపికల కొంగులు ఆ మూలకు రాకుండా వెనక్కు తిరిగాయి. ప్రతి బొమ్మలోనూ అరచేతంత తెల్లటి చోటు. ఆ చోట్లలో నా ఎర్ర అంకెలు హాయిగా కూర్చుని ఉన్నాయి: అరవై రెండు, అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి. సమతూకం తప్పిందని ఆ ఖాళీకే నేను ప్రమాణాంగంలో ప్రతిసారీ నాలుగు మార్కులు తగ్గించాను. పదమూడేళ్లు తగ్గించాను. ఎందుకు ఖాళీగా ఉందో ఒక్కసారీ అడగలేదు.

అంకె లేని బొమ్మ ఒకటే ఉంది. తిరువొత్తియూరు తీరం. ఇసుక మీద ఆరేసిన వల కాగితం నాలుగు అంచులూ దాటి పోతున్నట్టుగా పరుచుకుంది. ఏ మూలా మిగలలేదు. వెనక చీటీ: 'ఈసారి మూల నిండింది. ఆ రోజు ఏం జరిగింది?'

పశ్చాత్తాపం కలిగిందని రాయగలిగితే బాగుండును. కలిగింది అసూయే, మునుపటి కంటే ఎక్కువ. నా ఇంట్లో పుట్టి నా ఒడిలో పెరిగిన పిల్ల చేతిని అయిదువారాల పాఠాలతో ఆ అమ్మాయి చదివేసింది. కట్ట మళ్లీ కట్టేశాను.

ఆదివారం ప్రణతి తిరిగివచ్చింది. బల్ల మీద కట్ట చూసింది.

"ఏం తాతా, మిస్ ఇచ్చేసినారా? ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. ఇచ్చి వెళ్లింది."

"పేజీ?"

"రాయలేదు."

మళ్లీ అక్షరసత్యం. పిల్ల కట్ట ముడి విప్పబోయి మానేసింది. తొందర లేదని తానే కబురు పంపి, మళ్లీ పైకి పోయి ఏమైందని అడిగితే నిలదీసినట్టుంటుందని అడగలేదు. శ్రేయ, తాను అక్కర్లేదన్న పిల్లను తానై పిలవలేదు. వేసవి తరగతులు కూడా ఆ వారమే ముగిశాయి. ఇద్దరూ మర్యాదస్తులు. పద్ధెనిమిది మెట్లకు అటొకరూ ఇటొకరూ పదిరోజులు ఊరుకున్నారు. ఆ పదిరోజుల్లో ప్రణతి పెన్సిలు ముట్టలేదు. ఫోను చూస్తూ గోడవైపు తిరిగి పడుకునేది.

మే చివరిలో వచ్చి నా ముందు ఆ ఖాళీ ఫారం పెట్టింది. "నువ్వే రాసేయి తాతా. మిస్‌కు నచ్చలేదు పోలే. చెప్పడానికి బాధపడి ఊరకున్నారు."

నేను కోరుకున్నది నా ఒళ్లోకి వచ్చింది. తీసుకున్నాను. తీసుకుంటూ, అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఏమ్మా, నీ బొమ్మల్లో ఈ మూల ఎప్పుడూ ఖాళీ పెడతావెందుకు?"

అది నన్ను వింతగా చూసింది. "నువ్వు నంబరు వేయాల కదా తాతా. బొమ్మ మీద పడితే పాడైపోతుంది."

ఫారంలో స్పష్టంగా ఉంది: అంకెలు వేయవద్దు, విద్యార్థి ఎట్లా చూస్తుందో, ఎట్లా మారిందో మీ మాటల్లో రాయండి. ఉదయం పూజ ముగించుకుని రాయడానికి కూర్చున్నాను. 'కుమారి ప్రణతి సహజప్రతిభాసంపన్న, వినయశీల, రేఖావిన్యాసకుశల' అని మొదలుపెట్టాను. చదువుకుంటే శిలాశాసనంలా ఉంది. నా దగ్గర చదివిన ఏ పిల్లకైనా పేరు మార్చి అతికించవచ్చు. కొట్టేశాను. పద్యమైతే కుదురుతుందేమోనని సీసంలో రెండు పాదాలు కట్టాను. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. ప్రణతి మాత్రం అందులో లేదు. మధ్యాహ్నం దాకా కూర్చుంటే నాకు తెలిసినదల్లా ఇరవై ఒక్క అంకెలని తేలింది.

అలమేలుమంగ వచ్చి ఎదురుగా నేలమీద కూర్చుని కరివేపాకు దూయడం మొదలుపెట్టింది. ఆ పని ఆమె ఎప్పుడూ వంటింట్లోనే చేస్తుంది.

"ఏమండీ, ఊరికి పోయేటప్పుడు పిల్ల మీతో ఏం చెప్పమనింది, శ్రేయకు?"

"అవసరం లేదని."

"మీరు ఏం చెప్పినారు?"

"ఆ మాటే చెప్పినాను."

ఆమె రెండు రెమ్మలు దూసింది. "అరవ అవసరమా, తెనుగు అవసరమా?"

"మాట ఒకటే కదా."

"మాట ఒకటేలెండి. నేను అడిగింది అది కాదు."

నేను కొట్టేసిన వాక్యాన్నే మళ్లీ కొట్టేశాను. ఆమె తల ఎత్తలేదు, గొంతు పెంచలేదు. కరివేపాకు అయిపోయాక పళ్లెం తీసుకుని, కాడలు ఏరుకుని లోపలికి వెళ్లింది.

ఫారం పట్టుకుని మేడ ఎక్కాను. తరగతులు ముగిసిపోయాయి, తీగ మీద ఒక తువ్వాలు తప్ప ఏమీ లేదు. శ్రేయ కుర్చీ వేయబోతే వద్దని నిలబడే చెప్పాను.

"అమ్మా, మా ఇళ్లలో అవసరం అంటే తొందర. అరవం నుంచి వచ్చిన అర్థం. మీరు పేజీ రాయడానికి తొందర లేదని ప్రణతి చెప్పమంది."

ఆమెకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. తరువాత మొహమంతా విచ్చుకుంది. "అయ్యో, అదాండీ. నేనింకా నామీద ఏదో... ఎంత పొరపాటు పడ్డానండీ. మీరు ఉన్నమాటే చెప్పారు, నాకే అర్థం కాలేదు. ఈ ఊరి మాటలు నేర్చుకోవాలి."

అక్కడితో ఆపి దిగి వచ్చేయవచ్చు. దారి విశాలంగా తెరిచి ఉంది, తెరిచింది ఆమే. ఒక మెట్టు దిగాను కూడా.

"మీకు అర్థం కాదని నాకు తెలుసు" అన్నాను. "తెలిసే చెప్పాను."

ఆమె నవ్వు అట్లాగే కొంతసేపు నిలిచి, పోయింది. తువ్వాలు తీసి మడతపెట్టింది. మడత విప్పి మళ్లీ పెట్టింది. ఎందుకు అని అడుగుతుందనుకున్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె అడిగింది వేరు.

"పదిరోజుల నుంచీ పిల్ల ఏమనుకుంటోందండీ?"

"తన బొమ్మలు మీకు నచ్చలేదని."

"దానికి చెప్పారా?"

"ఇంకా లేదు."

"ముందు దానికి చెప్పండి మాస్టారూ. ఆ కాగితం అదే తెస్తుంది నాకు" అని లోపలికి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వేయలేదు.

ప్రణతి మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. సమాసాలు లేకుండా చెప్పాను. మధ్యలో అది లేచి కూర్చుంది.

"తెలిసే చెప్తివా తాతా?"

"తెలిసే."

"నేను పది దినాలు ఏడ్చినాను. పక్క గదిలోనే ఉంటివి."

"వినబడింది."

"వినబడిందా" అంది. అది ప్రశ్న కాదు. నా చేతిలోని ఫారం తీసుకుని, బల్ల మీది కట్ట ఎత్తుకుని మెట్లెక్కింది. చెప్పులు వేసుకోలేదు; అందుకని ఎన్ని మెట్లు ఎక్కిందో, మధ్యలో ఎక్కడైనా ఆగిందో నాకు తెలియలేదు.

శ్రేయ ఆ పేజీ రాసింది. ఏం రాసిందో నేను చదవలేదు. నాకు చూపించమని అడిగే యోగ్యత లేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నిజానికి చదివి తట్టుకోలేనని భయం. ప్రణతి నాతో మాట్లాడటం మానలేదు. అన్నానికి రమ్మనేది, మందులు వేసుకున్నావా అనేది, ఫ్యాను వేసేది. అద్దెకున్న ఇంటి పెద్దాయనతో మర్యాదగల పిల్ల ఎట్లా మాట్లాడుతుందో అట్లా.

జూన్ మూడోవారంలో కళాశాల నుంచి పిలుపు వచ్చింది. బొమ్మలు పట్టుకుని స్వయంగా రావాలి, ఇంట్లోవాళ్లు ఒకరు తోడు రావచ్చు. నేను ఉత్తరీయం ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.

"అవ్వ వస్తే చాలు" అంది ప్రణతి.

అలమేలుమంగ జన్మలో సున్నా కూడా గుండ్రంగా వేయలేదు. చిత్రం గురించి ఆమెకు తెలిసిందల్లా నచ్చింది, నచ్చలేదు. ఆమె పట్టుచీర కట్టుకుని, మజ్జిగ సీసా సంచీలో పెట్టుకుని, మనవరాలి చేయి పట్టుకుని రైలెక్కడానికి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడి వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. నాకు ఆమె మీద కూడా అసూయ కలిగింది. దాచను.

నాలుగు గంటలకు తిరిగివచ్చారు. ప్రణతి మొహం చూడగానే తెలిసిపోయింది. దేవుడి గదిలో దణ్ణం పెట్టుకుంది, వచ్చి నా కాళ్లకు మొక్కింది. "సీటు వచ్చింది తాతా" అంది. తలమీద చెయ్యి పెట్టాను. చెయ్యి తీసేలోపే లేచి మేడ మీదికి పరుగెత్తింది. పైన శ్రేయ గొంతు, దీని గొంతు కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా కాసేపు వినబడ్డాయి.

అలమేలుమంగ కుర్చీలో కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమడిగినారు ఆడ?" అన్నాను.

"అంతా ఇంగ్లీషేనండీ, నాకేం తెలుస్తుంది. వల బొమ్మ మాత్రం చాలాసేపు చూసినారు. ముగ్గురు కూర్చుని ఉండినారు. నడుమ ఉన్న పెద్దాయన తమిళంలో అడిగినారు, నీకు నేర్పింది ఎవరమ్మా అని."

"ఏమనింది?"

"రెండు పేర్లు చెప్పింది. మీదీ, శ్రేయదీ."

నేను కళ్లు మూసుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన తృప్తి నిజమైనది. దాని మీద ఒట్టు వేయగలను. అది అట్లాగే నిలిచి ఉంటే ఈ కథ ఒక మంచివాడి కథగా ముగిసేది. నిలవలేదు. కళ్లు తెరిచాను.

"ముందు ఎవరి పేరు చెప్పింది?"

అలమేలుమంగ నన్ను చూసింది. యాభై ఏళ్ల కాపురంలో ఆమె నన్ను అట్లా చూసిన సందర్భాలు ఒక చేతి వేళ్లు దాటవు. కోపం లేదు అందులో.

"పొద్దు వాలుతాంది. పోయి దీపం పెట్టండి" అని, మజ్జిగ సీసా కడగడానికి లేచింది.

దీపం పెట్టాను. ఆ ప్రశ్నకు ఆమె ఈనాటికీ జవాబు చెప్పలేదు. నేనూ అడగడం మానలేదు.